నమూనా వీధిలో ఇరవై రెండు సందుగలు

కొత్త జిల్లాలు ఏర్పడి రెండేళ్లు దాటాక, మే నెల ఆఖరు వారంలో, నాకు గద్వాల వైపు బదిలీ అయింది. హోదా స్టేషన్ ఫైర్ ఆఫీసర్, అంటే ఒక అగ్నిమాపక కేంద్రానికి పెద్ద. కింద ఒక వాటర్ టెండరు అనే నీళ్ల బండి, ఒక జీపు, కాగితం మీద పదిహేను మంది సిబ్బంది, నేల మీద తొమ్మిది మంది. ఏ స్టేషనో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ ఉన్న కుర్రాళ్లు ఫోన్ చేసి నన్ను కడిగేస్తారు. రిటైర్మెంటు మూడేళ్లలో ఉన్న మనిషిని కొత్త చోటికి ఎందుకు పంపుతారంటే, పాత చోట నోరు ఎక్కువ వాడినందుకు. నా విషయంలో జరిగింది కూడా అదే.

ఈ ఉద్యోగం ముప్పై నాలుగేళ్లు చేశాను. గడ్డివాములు, పత్తి గోదాములు, బావిలో పడ్డ గేదెలు, బోనెట్లో దూరిన పాములు అన్నీ చూశాను. వాటన్నిటినీ వదిలి ఈ ఒక్క సంగతే రాయడానికి కారణం ఉంది. మిగతా చోట్ల తప్పు వేరేవాళ్లది, ఆర్పడానికి వెళ్లింది నేను. ఇక్కడ నేను రాసిచ్చిన పదకొండు వస్తువుల జాబితా ఒక అత్తా కోడళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది.

చేరిన మూడో రోజే పై కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. వానాకాలం దగ్గర పడుతోంది, పక్కనే కృష్ణ, కాస్త దిగువన తుంగభద్ర. కాబట్టి ప్రతి స్టేషను తన పరిధిలో ఒక వీధిని ఎంచుకుని, అందులో ప్రతి ఇంటినీ ఆపదకు ముందే సిద్ధం చేసి, దాన్ని ‘నమూనా వీధి’గా చూపించాలి. గడువు నెల. చివర్లో పై అధికారి తనిఖీ, ఫొటోలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా శాఖకు అలవాటైన పని. కాలకముందే జనం చేత ఆకులు పట్టించాలన్నది ఆ సర్క్యులర్ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, ఇప్పటికీ అంటాను.

జాబితా నేనే రాశాను. టార్చిలైటు, విడిగా సెల్లులు, అగ్గిపెట్టె, తాగే నీళ్ల సీసా, రెండు రోజులకు సరిపడా అటుకులో పేలాలో, రోజూ వేసుకునే మందులు, ఆధార్, రేషన్ కార్డుల నకళ్లు ప్లాస్టిక్ కవర్లో, ఒక జత బట్టలు, తాడు, ఈల, అవసరమైన ఫోన్ నంబర్ల కాగితం. ఇవన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచాలి. ఒక మనిషి ఒక్క చేత్తో ఎత్తుకుని బయటికి నడవగలగాలి. పదకొండు వస్తువుల్లో మూడు తగ్గినా కొంప మునగదు గానీ, ఈ ఒక్క చేతి నియమం తప్పితే మొత్తం దండగ. శిక్షణలో మాకు మొదటి రోజు చెప్పేది ఇదే.

ఆదివారం బిజినేపల్లిలో మా ఇంటికి వెళ్లినప్పుడు ఈ జాబితాను గొప్పగా చదివి వినిపించాను. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, “ముందుగాల మనింట్ల టార్చిల సెల్లు ఎయ్యి. రెండేండ్ల సంది చెప్తున్న” అంది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఏమిటో తెలియనివాళ్లు మా ఇంటికి వచ్చి చూడొచ్చు.

వీధి ఎంపిక నాదే. నేతవాళ్ల వీధి, ఇరవై రెండు ఇళ్లు. అటువైపు నేల పల్లం, వాన నీళ్లు నిలుస్తాయి. స్టేషన్‌కు దగ్గర కాబట్టి జీపు డీజిల్ కూడా మిగులుతుంది. ఇళ్లన్నీ ఒకే తీరు, ఇరుగ్గా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి తలుపు తీయగానే, వెలుతురు కోసం, గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని అంచు మీద కూర్చుని నేస్తారు. పడుగు, అంటే నిలువు పోగులు, అక్కడి నుంచి నడింటి దాకా చాచి కట్టి ఉంటుంది. దాని వెనక వంటిల్లు, ఆ వెనక దొడ్డి. మగ్గానికీ గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. వాన గట్టిగా పడితే మగ్గం గుంతలో అడుగు నుంచి నీళ్లు ఊరుతాయి. ఆ నీళ్లను తిట్టని ఇల్లు ఆ వీధిలో లేదు.

మొదటి సమావేశం నర్సింహులు ఇంటి ముందు పెట్టాం. నర్సింహులు నేత పనిలో నెమ్మదైన మనిషి, మాట తక్కువ. భార్య సత్తెమ్మ అతనితో సమానంగా మగ్గం మీద కూర్చునేది. తల్లి లింగమ్మకు డెబ్బై దాటాయి. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. వీధికి ఏదైనా సందేహం వస్తే ఆమె నోటితోనే బయటికి వచ్చేది. నేను జాబితా చదవడం పూర్తి చేశాక, ఆమె రాట్నం ఆపకుండానే అడిగింది.

“సారూ, ఆపద రాకముందే సంచి కట్టి తలుపు కాడ పెడ్తే, దానికి బొట్టు వెట్టి రమ్మని పిల్సినట్టు గాదా?”

ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్లూ తలలూపారు. శిక్షణలో ఇది చెప్పలేదు. నన్ను గట్టెక్కించింది ఖాజా. ఖాజా మా లీడింగ్ ఫైర్‌మన్, అంటే బండి మీద వెళ్లే జట్టుకు పెద్ద. అక్కడే పుట్టి పెరిగినవాడు. “అమ్మా, మల్దకల్ జాతరకు పోయేటప్పుడు మూట కడ్తవ్ గద? గదే అనుకో. జర ముందుగాల కడ్తున్నవ్, అంతే” అన్నాడు. వీధి మొత్తం తేలికపడింది. ‘ఆపద’ అన్న మాట ఆ రోజుతో బంద్. సంచి పేరు జాతర మూట. శుక్రవారం పొద్దున మంచి గడియ చూసి కట్టాలని తీర్మానం. ఖాజా తెలివికి నేను వీపు తట్టాను. తర్వాత జరిగినదానికి పునాది పడింది ఆ తట్టుడుతోనే అని అప్పుడు తెలియదు.

జాతరకు ఎవరైనా పదకొండు వస్తువులతో వెళతారా? తనిఖీకి ముందు రోజు సాయంత్రం మేమిద్దరం వీధి చూడటానికి వెళ్లాం. గుడ్డసంచి ఒక్క ఇంట్లోనూ లేదు. ప్రతి తలుపు పక్కనా ఒక ఇనుప సందుగ, పసుపు కుంకుమతో. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇస్తారే, ఆ ఇనుప పెట్టె. గుడ్డసంచిని ఎలుకలు కొరుకుతాయని ఒక ఇంట్లో సందుగలో పెట్టారు, అది చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు. సందుగ అంత పెద్దది పెట్టాక పదకొండు వస్తువులు అడుగున గలగలలాడుతుంటే బాగుండదు కదా. సత్తెమ్మ మురిపెంగా మూత తెరిచి చూపించింది. రెండు పట్టు చీరలు, ఇత్తడి బిందె, చెంబులు, కంబళి, మామగారి ఫొటో, మామిడికాయ తొక్కు జాడీ, సద్ద రొట్టెలు, నడవని గోడ గడియారం. టార్చిలైటు ఎక్కడని అడిగితే, చేయి మోచేతి దాకా దించి వెతికి, “అడుక్కు ఉన్నది సారు, యాడికి పోతది” అంది.

గోడ గడియారం ఎందుకని అడిగాను. “జాతర ఎన్ని దినాలుంటదో తెల్వదు గద, టైము సూడనీకి” అన్నది. అది నడవదు కదా అన్నాను. “అక్కడ బాగు చేపిస్తం” అంది. ఎక్కడో నేను అడగలేదు.

బయటికి వచ్చాక ఖాజా మెల్లగా అన్నాడు: “సార్, గిది ఎత్తాలంటే క్రేన్ గావాలె.” నాకూ కనిపించింది. సందుగ ఇద్దరు మగవాళ్లు ఎత్తేంత బరువు. పైగా ఆ ఇళ్ల తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. కుడి రెక్క ఇప్పటికే సందుగకు తగిలి ఆగిపోతోంది, ఎడమ రెక్క ఒక్కదానితో నడుస్తున్నారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఇది కనిపించలేదంటే అబద్ధం. కానీ ఇరవై రెండు సందుగలు వరసగా, పసుపు కుంకుమతో, ఎంత నిండుగా ఉన్నాయో! గుడ్డసంచులకు ఫొటోలో ఆ కళ ఎక్కడిది? “రేపు తనిఖీ అయిపోనీ” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఎర్ర రంగు తెప్పించి ఒకటి నుంచి ఇరవై రెండు దాకా నంబర్లు నా చేత్తో నేనే వేశాను.

పై అధికారి వచ్చారు. కొబ్బరి నీళ్లు తాగారు. పదో నంబరు సందుగ మీద చేయి వేసి ఫొటో దిగారు. “ఇదీ పద్ధతంటే” అన్నారు. ఎత్తి చూడమని ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత సందుగలు తీయించాలనే అనుకున్నాను. సోమవారం అనుకుని బుధవారం, బుధవారం అనుకుని వచ్చే వారం. పొగిడిన పనిని మనమే వెళ్లి విప్పడం ఎంత కష్టమో పొగడ్త తిన్నవాళ్లకు తెలుస్తుంది.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు స్టేషన్ ఫోన్ మోగింది. ఫోన్ దగ్గర కూర్చునే గదిని మేం వాచ్ రూమ్ అంటాం. అక్కడి మనిషి వచ్చిన కాల్ మాట మాటా ఆకరెన్స్ బుక్ అనే దినచర్య పుస్తకంలో రాసి గంట కొట్టాలి. గంట మోగిన నిమిషంలో బండి గేటు దాటాలి. గంట మోగింది, దాటాం. దారిలో చిరునామా చదివితే నేతవాళ్ల వీధి, నర్సింహులు ఇల్లు. ఖాజా నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది, చూడకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నర్సింహులు చెల్లెలిని చూడటానికి వనపర్తి వెళ్లాడు. ఇంట్లో అత్తా కోడళ్లే. ముసురులో పడుగు చెమ్మగిల్లితే నేత సాగదు. అందుకని నడింట్లో పడుగు కిందుగా నిప్పుల కుంపటి పెట్టారు, ఆ వీధిలో అందరూ చేసేదే. జల్లు కొడుతోందని వీధి తలుపు మూసి గడియ పెట్టారు. పైన తాడు మీద ఆరేసిన నూలు చిలప, అంటే నూలు చుట్ట, ఒకటి జారి కుంపటిలో పడింది. దాన్నుంచి మిగతా చిలపలకు, అక్కడి నుంచి పడుగు చివరకు అంటుకుంది. దొడ్డి తలుపు మంటకు అవతల ఉండిపోయింది. మిగిలింది వీధి తలుపు.

సత్తెమ్మ నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. గడియ తీసింది, మూట ముందు అనుకుంది. సందుగను రెండు చేతులా పట్టి గడప వైపు లాగింది. ఆ బరువుకు అది వంకర తిరిగి, ఒక మూల మగ్గం గుంత అంచులోకి దిగి, రెండో మూల ఎడమ తలుపు రెక్కకు అడ్డంగా బిగుసుకుంది. కుడి రెక్క అంతకుముందే సగం పనికిరాదు. ఇప్పుడు తలుపు బెత్తెడు కంటే తెరుచుకోదు.

వాటర్ టెండరు ఆ వీధిలోకి పోదు. వీధి మొదట ఆపి గొట్టాలు పరుచుకుంటూ పరిగెత్తాం. తలుపు ముందు పదిమంది గుమిగూడి బయటి నుంచి నెడుతున్నారు. ఎంత నెడితే సందుగ అంత బిగుస్తోంది. తలుపు సందులోంచి నల్లటి పొగ. లోపలి నుంచి మనిషి చప్పుడు లేదు. దగ్గు వినిపిస్తే ధైర్యం, వినిపించకపోతే భయం, మా వృత్తిలో ఇది మొదటి పాఠం. జనాన్ని వెనక్కి లాగి, గడ్డపారతో ఎడమ రెక్కను బందుల దగ్గర పెకలించమన్నాను. ఖాజా పక్కింటి గోడ మీదుగా పైకెక్కి కప్పు రేకులు రెండు లేపాడు. పొగకు పైన దారి దొరికితే కింద గాలి ఆడుతుంది. రెక్క ఊడిపడింది. సందుగ మీదుగా పాకి లోపలికి దిగాను.

గదిలో ఎవరూ కనిపించలేదు. నడింట్లో నూలు మండుతోంది. నేల మీద తలపెట్టి చూస్తే మగ్గం గుంతలోంచి తడి కొంగు కప్పుకున్న రెండు తలలు. లింగమ్మ కోడలిని మెడ పట్టి గుంతలోకి వంచి కూర్చోబెట్టింది. గుంతలో మోకాలి లోతు ఊట నీళ్లు. పొగ పైన, వాళ్లు కింద. వాళ్ల నెత్తికి జానెడు ఎత్తున పడుగు తెగి వేలాడుతోంది. కాలి తెగలేదు, సాపుగా కోసి ఉంది. మంట పోగుల వెంట వత్తి మీద పాకినట్టు మగ్గం మీదికి వస్తుంటే, ముసలామె కత్తెర తీసుకుని పడుగును అడ్డంగా కోసేసింది. నేతవాళ్ల ఇంట్లో మగ్గం మీది పడుగుకు కత్తెర పెట్టడమంటే ఏమిటో ఆ వీధిలో పుట్టనివాళ్లకు చెప్పడం కష్టం. వద్దని సత్తెమ్మ అత్త చేయి పట్టుకుని ఏడ్చిందట.

ఇద్దరినీ బయటికి తెచ్చాం. మంట పది నిమిషాల్లో ఆరింది. మా శాఖ లెక్కలో ఇది ‘స్మాల్ ఫైర్’. లింగమ్మను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. దగ్గింది, ఉమ్మింది, మొహం తుడుచుకుంది. వీధి వీధంతా చుట్టూ నిలబడి ఉంది. ఆమె నన్ను పేరు పెట్టి తిట్టినా పడేవాణ్ణి. తిట్టలేదు. తలుపులో ఇరుక్కున్న సందుగను చూపించింది.

“ఒక్క చేత్తో ఎత్తుకపోవాలె అంటివి గద సారూ. జర ఎత్తి సూపియ్యి.”

ఎత్తబోయాను. ఎందుకు చేయి వేశానో నాకు తెలియదు. యూనిఫాంలో ఉన్నాను, అంతమంది చూస్తున్నారు. ఒక్క చేత్తో కదల్లేదు. రెండు చేతులతో కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. ఖాజా వచ్చి రెండో పక్క పట్టాక లేచింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

సాయంత్రం నర్సింహులు వచ్చాడు. ఇల్లు చూశాడు, భార్యను చూశాడు, మగ్గం దగ్గరికి వెళ్లి కోసిన పోగులను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “కోసినవా అమ్మా?” అన్నాడు. లింగమ్మ తొణకలేదు. “కోసిన. పోగు తెగితే అతుకుతవ్. సత్తెమ్మ పోతే యాడ అతుకుతవ్?” అంది. అతను పోగులు వదిలేసి తల్లి పక్కన కూర్చున్నాడు. నేను అక్కడి నుంచి వచ్చేశాను. అక్కడ నాకు పనిలేదు.

ప్రతి కాల్ తర్వాత ఫైర్ రిపోర్ట్ రాయాలి. అందులో ప్రమాద కారణం ఒక గడి, అడ్డంకులు ఒక గడి, ప్రాణాలు కాపాడినవారు ఒక గడి. అడ్డంకుల గడిలో, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ సూచన మేరకు తలుపు పక్కన ఉంచిన సందుగ అని రాశాను. పై కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. సందుగ సంగతి అంత వివరంగా అవసరమా, ‘ఇంటి సామాను’ అంటే సరిపోదా అని. సందుగ మీద నా చేతి రాత ఉంది సార్, నంబరుతో సహా, అన్నాను. ఆ వారమే నాకు రెండు కవర్లు వచ్చాయి. నమూనా వీధి బాగా నిర్వహించినందుకు ప్రశంసాపత్రం ఒకటి, అదే వీధి గురించి సంజాయిషీ అడుగుతూ మెమో ఒకటి. రెండింటి మీదా ఒకే సంతకం.

కాపాడినవారి గడిలో లింగమ్మ, వయసు డెబ్బై పైన, ఇంటి మనిషి అని రాశాను. ఆ గడిలో సిబ్బంది పేర్లు మాత్రమే రాయాలని రిపోర్టు తిరిగి వచ్చింది. మళ్లీ అదే రాసి పంపాను. ఈసారి తిరిగి రాలేదు. ఒప్పుకున్నారో, విసిగారో తెలియదు.

మెమోకు జవాబు పంపిన రోజే ఖాజానూ నన్నూ వెంటబెట్టుకుని లింగమ్మ వీధంతా తిరిగింది. ప్రతి ఇంట్లో ఆమె ఒక్కటే పరీక్ష పెట్టింది. ఆ ఇంట్లో అందరికంటే ముసలిమనిషిని లేపి, సందుగలో సామానంతా సంచికెత్తించి, అది చేతికిచ్చి, వీధి మొదటికి నడవమనేది. నడవలేకపోతే సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బయట పడేసేది. ఆ పూట ఇరవై రెండు ఇళ్ల ముందు గోడ గడియారాలు, తొక్కు జాడీలు, బిందెలు కుప్పలు పడ్డాయి. సందుగలు మళ్లీ వెనక గదుల్లోకి వెళ్లాయి. కుంపటి పక్కన నీళ్ల బకెట్ పెట్టాలన్నది జాబితాలోకి ఆమె చేర్చిన పన్నెండో వస్తువు. ఆ సంగతి నాకు తట్టలేదు. నేను వరదకు సిద్ధం చేస్తూ కూర్చున్నాను, వాళ్ల ఇంట్లో రోజూ ఉండేది నిప్పు.

రిటైరయ్యేదాకా ఇంకా చాలా వీధులు సిద్ధం చేశాను. నాగర్‌కర్నూల్లో, వనపర్తిలో, ఇటిక్యాల వైపు ఊళ్లలో. ఎక్కడా సంచి గురించి ముందు అడగలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశాను. ఇంట్లో ముసలివాళ్లను ఉన్నచోటు నుంచి లేచి వీధిలోకి నడవమన్నాను. దారిలో వాళ్ల కాలికి ఏది తగిలితే దాన్ని తీయించాను. చాలా ఇళ్లలో తగిలింది, మా బోటివాళ్లు చెప్పి పెట్టించిందే.